ఆవగింజంత కిడ్నీ - ఉద్దానానికి ఎంత దూరం?

"ల్యాబ్‌లో కిడ్నీ పెంచేశారట... ఇక డయాలసిస్ అక్కర్లేదట!" ఇలాంటి మెసేజ్ మన వాట్సాప్ గ్రూపుల్లో నెలకొకటైనా తిరుగుతుంటుంది. మిగతావాళ్లు చదివి పక్కన పెట్టేస్తారేమో గానీ, ఆక్లాండ్ సైట్లలో పనిచేస్తున్న మాలాంటి శ్రీకాకుళం వాళ్లం అలా వదిలెయ్యలేం. ఉద్దానం వైపు కిడ్నీ పేషెంటు లేని వీధి దొరకాలంటే వెతుక్కోవాలి. అందుకే మెసేజ్ రాగానే ఇంటి నుంచి ఫోన్. "మీ ఊళ్లోనే చేస్తున్నారంట గదా, కనుక్కోండ్రా" అని.

కనుక్కున్నాం. మేం డాక్టర్లం కాదు, సివిల్ డిప్లొమా చదివి కాంక్రీటు, సెంట్రింగు చూసుకునేవాళ్లం. అయినా ఆ పని నిజంగానే ఈ ఊళ్లో, ఆక్లాండ్ యూనివర్సిటీలో జరుగుతోంది. దాని గురించి బయటికొచ్చిన వివరాలు చదివితే ఒక సంగతి తేలింది. మెసేజ్‌లో చెప్పేది నిజం కాదు. కానీ అసలు నిజం మన ఉద్దానానికి అంతకన్నా ఎక్కువ పనికొచ్చేది. అదేమిటో మనవాళ్లకు తెలియాలి. తెలియకపోతే రెండు నష్టాలు. ఒకటి, లేని వైద్యం కోసం పొలం అమ్ముకుంటాం. రెండు, ఉన్న శాస్త్రాన్ని మనకోసం వాడమని అడగడం మర్చిపోతాం.

ఏమిటీ మూలకణాలు?

మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక డ్యూటీ ఉంది. చర్మ కణం చర్మంగానే ఉంటుంది, గుండె కణం గుండెలోనే కొట్టుకుంటుంది. కానీ తల్లి కడుపులో పిండం మొదలైన తొలి రోజుల్లో ఉండే కణాలకు ఇంకా డ్యూటీ వేయలేదు. అవి మెదడైనా కావచ్చు, ఎముకైనా కావచ్చు, కిడ్నీ అయినా కావచ్చు. వీటినే ప్లూరిపొటెంట్ స్టెమ్‌సెల్స్ అంటారు. అంటే ఒంట్లో ఏ భాగంగానైనా మారగల మూలకణాలు. మనిషి పిండం నుంచి ఇలాంటి కణాలను తీసి ల్యాబ్‌లో పెంచడం 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్‌కు సాధ్యమైంది.

అక్కడే గొడవ మొదలైంది. పిండాన్ని పాడుచేసి కణాలు తీయడం తప్పని చాలామంది అభ్యంతరం చెప్పారు. 2001 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు బుష్ అప్పటికే ఉన్న కణాలపై పరిశోధనకు మాత్రమే ప్రభుత్వ డబ్బు ఇస్తామన్నారు. 2009లో ఒబామా ఆ నిబంధన తొలగించారు. న్యూజిలాండ్ కూడా జాగ్రత్తగానే ఉంది. ఇక్కడి 2004 నాటి చట్టం ప్రకారం మనిషి పిండాన్ని ల్యాబ్‌లో 14 రోజులకు మించి పెంచకూడదు.

ఈ చిక్కును తప్పించినవాడు జపాన్‌కు చెందిన షిన్యా యమనాకా. మామూలు చర్మ కణాన్నే వెనక్కి నడిపించి మళ్లీ మూలకణంగా మార్చవచ్చని 2006లో ఎలుక కణాలపై, 2007లో మనిషి కణాలపై నిరూపించాడు. 24 జన్యువులతో మొదలుపెట్టి చివరికి నాలుగు చాలని తేల్చాడు. దీనికి 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇలా తయారైన వాటిని ఐపీఎస్ కణాలంటారు. పిండంతో పని లేదు. పేషెంటు చేతి నుంచి కాస్త చర్మమో, ఒక గొట్టం రక్తమో చాలు. పైగా ఆ కణాల్లో ఉండేది ఆ పేషెంటు జన్యువులే. కాబట్టి అతని జబ్బును గాజుపాత్రలో పెట్టి చూడవచ్చు. ఈ చివరి మాటే మనకు ముఖ్యం.

ఆక్లాండ్‌లో ఏం చేశారు?

ఆక్లాండ్ యూనివర్సిటీలో అలాన్ డేవిడ్‌సన్ అనే శాస్త్రవేత్త బృందం ఈ మూలకణాల నుంచి కిడ్నీ ఆర్గనాయిడ్లను పెంచుతోంది. ఆర్గనాయిడ్ అంటే అవయవాన్ని పోలిన చిన్న ముద్ద. సైజు ఆవగింజంత. కణాలను పోషక ద్రవంలో వేసి, పిండం దశలో కిడ్నీ తయారయ్యేటప్పుడు అందే సంకేతాలనే రసాయనాల రూపంలో ఇస్తారు. ద్రవాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఉంటే రోజుల వ్యవధిలో కణాలు తమంతట తామే సర్దుకుని, వడపోసే భాగాలు, సన్నని గొట్టాలు ఏర్పరుచుకుంటాయి. తక్కువ ఖర్చుతో ఎక్కువ సంఖ్యలో పెంచే ఈ పద్ధతిని 2018లో ప్రచురించారు.

ఈ పని చేసింది వీళ్లొక్కరే కాదు. జపాన్‌లో నిషినకమురా, ఆస్ట్రేలియాలో మెలిస్సా లిటిల్, అమెరికాలో జోసెఫ్ బోన్‌వెంట్రె బృందాలు 2014, 2015 నాటికే దారి వేశాయి. బోన్‌వెంట్రె పేరు మన వైపు కొందరికి గుర్తుండే ఉంటుంది. 2017 జూలైలో పవన్ కల్యాణ్ చొరవతో ఉద్దానం సమస్యపై విశాఖపట్నం వచ్చిన హార్వర్డ్ డాక్టర్ల బృందంలో ఆయన ఉన్నాడు. మన ఉద్దానం పేరు విన్న మనిషే ఈ విద్యలో ముందున్నవాళ్లలో ఒకడన్న మాట.

ఇంతకీ ఆవగింజతో ఆక్లాండ్ వాళ్లు సాధించిందేమిటి? సిస్టినోసిస్ అని చిన్నపిల్లలకు పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఒకటుంది. ఒక జన్యువులో లోపం వల్ల సిస్టిన్ అనే పదార్థం కణాల్లో పేరుకుపోయి కిడ్నీలను తినేస్తుంది. దానికి సిస్టియమిన్ అనే మందు ఉంది గానీ అది జబ్బును నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపలేదు. ఈ బృందంలోని జెనిఫర్ హాలీవుడ్, ఇతరులు ఆ జబ్బు జన్యులోపం ఉన్న మూలకణాల నుంచి కిడ్నీ ఆర్గనాయిడ్లు పెంచారు. వాటిపై మందులు వేసి చూశారు. సిస్టియమిన్‌కు తోడు ఎవరోలిమస్ కలిపితే కణాల్లో లోపాలు ఇంకా బాగా సర్దుకుంటున్నాయని 2020లో వెల్లడించారు. ఎవరోలిమస్ కొత్త మందు కాదు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఇప్పటికే ఇస్తున్నదే. ఇది పేషెంట్లపై తేలిన ఫలితం కాదు, గాజుపాత్రలో తేలింది. అయినా ఏ మందు మీద డబ్బు, టైము పెట్టాలో దారి చూపించింది.

ఇది కిడ్నీ కాదు, క్యూబ్

సైట్లో పనిచేసేవాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. స్లాబ్ వేసేటప్పుడు అదే కాంక్రీటుతో మన దగ్గర 15 సెంటీమీటర్ల క్యూబులు పోస్తాం, ఇక్కడ న్యూజిలాండ్‌లో సిలిండర్లు పోస్తారు. 7 రోజులకు, 28 రోజులకు మిషన్‌లో పెట్టి పగలగొడతాం. ఎంత లోడుకు పగిలిందో చూసి స్లాబ్ బలం అంచనా కడతాం. ఆ క్యూబులో ఎవరూ కాపురం ఉండరు. కానీ క్యూబు లేకుండా పెద్ద బిల్డింగు లేపితే ఇంజనీరు ఒప్పుకోడు.

కిడ్నీ ఆర్గనాయిడ్ అలాంటి క్యూబే. మనిషిని పగలగొట్టి చూడలేం కాబట్టి, మనిషి కణాలతోనే పోసిన చిన్న నమూనాను పగలగొట్టి చూస్తారు. క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్ లాంటి మందులు కిడ్నీ గొట్టాలను ఎలా దెబ్బతీస్తాయో ఆర్గనాయిడ్లలో కనబడుతుంది. 2020లో కరోనా వైరస్ కిడ్నీ కణాల్లోకి దూరుతుందని చూపడానికీ ఇవే వాడారు.

మరి దీన్నే పెద్దది చేసి ఒంట్లో పెట్టొచ్చు కదా? ఇప్పట్లో కాదు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత యూనిట్లు ఉంటాయి. ఆవగింజలో ఉండేవి ఏ మూలకూ చాలవు. అవి కూడా పుట్టబోయే బిడ్డ కిడ్నీ స్థాయిలోనే ఆగిపోతాయి. ముఖ్యంగా రక్తం తెచ్చే సరైన లైను లేదు, మూత్రం బయటికి పోయే లైను లేదు. ఫిల్టరు బిగించి వాటర్ లైను, డ్రైనేజీ వేయని బాత్రూం ఎలా ఉంటుందో అలాగన్న మాట.

మూలకణాలు మందుగా మారిన చోట్లు లేకపోలేదు. టైప్-1 షుగరు ఉన్నవాళ్లకు మూలకణాల నుంచి పెంచిన ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఎక్కించి చూశారు. పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత బయటి నుంచి ఇన్సులిన్ అవసరం లేకపోయిందని 2025 జూన్‌లో ప్రకటించారు. అయితే ఒంటి రక్షణ శక్తిని అణిచే మందులు వాళ్లు వాడుతూనే ఉండాలి. పార్కిన్సన్ జబ్బుకు మెదడులో ఇలాంటి కణాలు పెట్టిన తొలి పరీక్షల ఫలితాలు కూడా 2025 ఏప్రిల్‌లో జపాన్, అమెరికా బృందాల నుంచి వచ్చాయి. ఇవన్నీ కొద్దిమందిపై, గట్టి పర్యవేక్షణలో జరిగినవి. ఇన్సులిన్ తయారీ ఒక రకం కణం చేసే పని. కిడ్నీ అలా కాదు, పూర్తి ప్లంబింగ్ ఉన్న బిల్డింగు. అందుకే అక్కడ గెలుపు చూసి ఇక్కడా వచ్చేసిందనుకోకూడదు.

ఉద్దానానికి ఎలా పనికొస్తుంది?

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఈ మండలాల్లో ఎన్నో ఏళ్లుగా మనుషులు కిడ్నీలు పోయి చనిపోతున్నారు. సర్వేల ప్రకారం అక్కడ పెద్దవాళ్లలో ఐదారుగురికి ఒకరికి కిడ్నీ జబ్బుంది. అందులో ఎక్కువమందికి షుగరు లేదు, మరో తెలిసిన కారణమూ లేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కూలీలకు కూడా ఇలాంటి జబ్బే వస్తోంది. ఎక్కడైనా ఎక్కువగా పడిపోయేది ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాడే.

కారణం ఏమిటి? నీళ్లలో సిలికా అన్నారు, పురుగు మందులన్నారు, ఎండదెబ్బ, తక్కువ నీళ్లు తాగడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నారు. ఇదీ అని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరు 14న రూ.700 కోట్ల సుజలధార మంచినీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. మంచినీళ్లు రావడం మంచిదే, డయాలసిస్ దగ్గరకు రావడం ఇంకా మంచిదే. కానీ కారణం తేలకపోతే మన తర్వాతి తరానికి ఏం చెబుతాం?

ఆవగింజ పనికొచ్చేది ఇక్కడే. ఉద్దానం జబ్బు ముఖ్యంగా దెబ్బతీసేది కిడ్నీలోని సన్నని గొట్టాలను, వాటి చుట్టూ ఉన్న కండను. ఆర్గనాయిడ్‌లో ఆ గొట్టాలు ఉంటాయి. ఒకే ఊళ్లో, ఒకే బావి నీళ్లు తాగి, ఒకే తోటలో పనిచేసిన ఇద్దరు అన్నదమ్ములను తీసుకోండి. ఒకరికి జబ్బు, ఒకరికి లేదు. ఇద్దరి రక్తం నుంచి ఆర్గనాయిడ్లు పెంచి, రెండింటికీ అదే నీరు, అదే పురుగు మందు, అదే నొప్పి మాత్ర, అదే వేడి ఇచ్చి చూస్తే? ఒకటి ముందే పాడైతే జన్యువుల్లో ఏదో ఉందని అర్థం. రెండూ ఒకేలా పాడైతే బయటి విషం వైపు చూడాలి. ఎలుకల మీద చేసే పరీక్ష కన్నా ఇది మనిషికి దగ్గర.

దీనికీ హద్దులున్నాయి. ఇరవై ఏళ్లు ఎండలో పనిచేసిన ఒంటికి జరిగింది నాలుగు వారాల గాజుపాత్రలో పూర్తిగా దొరకదు. ఆర్గనాయిడ్ ఒక్కటే కారణం తేల్చేయదు. ఊళ్లలో ఏళ్ల తరబడి మనుషులను, నీళ్లను, వేడిని కొలిచే సర్వేలతో కలిపి చూస్తేనే విలువ. క్యూబు టెస్టు ఒక్కటే చాలదు, సైటులో పర్యవేక్షణ కూడా ఉండాలి కదా!

ఇది మన దేశంలో చేయలేని పనేమీ కాదు. కొత్త మందుల పరీక్షల్లో జంతువులకు బదులు మనిషి కణాల ఆర్గనాయిడ్లు కూడా వాడవచ్చని 2023లో కేంద్రం నిబంధనలు మార్చింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది. అక్కడే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఏళ్ల తరబడి కంటి అంచున ఉండే మూలకణాలతో చూపు తెప్పిస్తోంది. అవి ప్లూరిపొటెంట్ కావు, పెద్దవాళ్ల కంట్లో ఉండే వేరే రకం. కానీ మూలకణాలతో ఓపికగా పనిచేసే చేతులు మన తెలుగు నేల మీదే ఉన్నాయని చెప్పడానికి అది చాలు.

ఇంజక్షన్ పేరుతో దోపిడీ

ఇప్పుడు అసలు భయం. మాకు తెలిసిన ఒక కుటుంబానికి ఓ ప్రైవేటు క్లినిక్ వాళ్లు చెప్పారట, "స్టెమ్‌సెల్ ఇంజక్షన్లు నాలుగు వేస్తే క్రియాటినిన్ దిగిపోతుంది" అని. రేటు లక్షల్లో. ఆ లక్షలు ఎవరివి? విదేశంలో ఓటీ చేసి పంపిన కొడుకువి.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చూడండి. కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్‌సెల్ వైద్యం ఏదైనా అనుమతి పొందిన పరీక్షగానే జరగాలి, వ్యాపారంగా కాదు. పరీక్షలో చేరే పేషెంటు దగ్గర దానికి డబ్బు వసూలు చేయకూడదు. అంటే డబ్బడిగిన చోటే అనుమానించాలి.

డబ్బు పోతే పోయింది, ప్రమాదం లేదు కదా అనుకోవద్దు. థాయ్‌లాండ్‌లో లూపస్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న ఒక మహిళకు ప్రైవేటు క్లినిక్‌లో ఆమె సొంత మూలకణాలనే కిడ్నీలోకి ఎక్కించారు. ఆ చోట గడ్డలు లేచాయి, ఆ కిడ్నీ తీసేయాల్సి వచ్చింది, చివరికి ఆమె చనిపోయింది. 2010లో కిడ్నీ వైద్యుల పత్రికలో ఈ కేసు ప్రచురితమైంది. ప్లూరిపొటెంట్ కణాలైతే ఇంకా జాగ్రత్త కావాలి. పూర్తిగా మారని కణం ఒంట్లోకి వెళ్తే గడ్డగా పెరగగలదు. ఏదైనా కాగలదు అన్న గుణమే దాని బలం, అదే దాని ముప్పు.

మనం చేయాల్సింది

ముందు మన ఒళ్లు. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కనబడదు, కాబట్టి మూత్రం పరీక్ష ఒక్కటి చేసి సరే అనుకోకూడదు. రక్తంలో క్రియాటినిన్ చూపించాలి. సగం కిడ్నీ పోయేవరకు అది కూడా నార్మల్ అనే చూపించవచ్చు, అందుకే ఏటా చూసుకుని రిపోర్టులు దాచుకోవాలి. న్యూజిలాండ్‌లో రెండేళ్లు, ఆపైన వర్క్ వీసా ఉన్నవాళ్లకు ప్రభుత్వ వైద్యం వర్తిస్తుంది. కానీ ముదిరిన కిడ్నీ జబ్బుంటే ఇక్కడ రెసిడెన్స్ దొరకడం చాలా కష్టం. కాబట్టి కిడ్నీ మనకు ఆరోగ్యమే కాదు, ఉద్యోగం కూడా. నడుం నొప్పికి రోజూ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగే అలవాటు మానండి. గల్ఫ్‌లో ఉన్న అన్నలూ తమ్ముళ్లూ, ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపాలన్న నిబంధన మీ దేశంలో ఉంటే అది మీ హక్కు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన నేపాల్ కుర్రాళ్లు డయాలసిస్ బెడ్ల మీద ఎందుకు కనబడుతున్నారో అక్కడి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. మాలా సూపర్‌వైజర్లుగా ఉన్నవాళ్లు పోత ఆలస్యమైనా సరే, నీళ్ల బ్రేకు ఆపకూడదు.

రెండోది, అడగడం. పలాస కేంద్రానికి పరిశోధన అని పేరు పెట్టారు, మరి అక్కడ రక్తం, కణాల నమూనాలు దాచే బ్యాంకు ఉందా? సీసీఎంబీ లాంటి సంస్థతో కలిసి ఉద్దానం పేషెంట్ల ఆర్గనాయిడ్లు పెంచే ఆలోచన ఉందా? ఎన్నికలప్పుడు ఓటు కోసం ఫోన్ చేసే నాయకులను, విదేశాల్లో సభలు పెట్టే మన సంఘాలను ఈ ప్రశ్న అడగాలి. వైద్య శిబిరానికి చందా అడిగినప్పుడు, అందులో కొంత దీనికి ఇవ్వమని మనమూ అడగొచ్చు.

మూడోది, అనుమతి. "రక్తం తీసుకెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు, ఏం తేలిందో చెప్పలేదు" అని ఊళ్లో పెద్దవాళ్లు అంటుంటారు. ఐపీఎస్ విషయంలో ఇది ఇంకా పెద్ద మాట. ఒక్కసారి ఇచ్చిన రక్తం నుంచి పెంచిన కణాలు మనిషి పోయాక కూడా ల్యాబ్‌లో బతికే ఉంటాయి. వాటిని ఎవరు వాడతారు, ఎందుకు వాడతారు, ఫలితం ఊరికి ఎలా చెబుతారు అన్నది తెలుగులో రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. వేలిముద్ర వేయించుకుని వెళ్లిపోతే కుదరదు.

కాబట్టి ఇంటి నుంచి మళ్లీ ఫోన్ వస్తే మేం చెప్పేది ఇదే. కిడ్నీ ఇంకా తయారవలేదు. ఎవరికీ డబ్బు కట్టొద్దు, డయాలసిస్ ఆపొద్దు, డాక్టరు రాసిన మందులు మానొద్దు. కానీ కిడ్నీ ఎందుకు పోతోందో వెతికే పనిముట్టు మాత్రం తయారైంది. దాన్ని అరుదైన పిల్లల జబ్బు కోసం ఆక్లాండ్ వాడుకుంది. వేల మంది పోతున్న ఉద్దానం కోసం వాడమని అడగాల్సింది మనమే.